పటంలో లేని పేర్లు: ఐర్లండ్ పొలాలు, వాటి కథలు

ఐర్లండ్ పల్లెలో రైతు పొద్దున పాలు పితికాక ఆవుల్ని ఎటు తోలాడో ఇంట్లో చెప్పాలంటే దిక్కులు చెప్పడు. "బావి పొలంలో ఉన్నాయి" అంటాడు. లేదంటే కోట పొలం, సున్నపు బట్టీ పొలం, దూడల పొలం, కొలిమి పొలం. రెండెకరాల చెక్కయినా సరే, చుట్టూ ముళ్ళ చెట్ల గట్టో రాతిగోడో ఉండి లోపలికి పోవడానికి ఒక గేటుంటే, దానికో పేరు ఉండి తీరుతుంది. నాలుగిళ్ళ అవతలివాళ్ళకు ఆ పేరు తెలియకపోవచ్చు. ప్రభుత్వ కాగితాల్లో వెతికినా దొరకదు. అయినా వాటిలో కొన్ని తరతరాలుగా, జనం మాట్లాడే భాషే మారిపోయినా, నోటి మీద నిలిచి ఉన్నాయి.

వీటిని ముచ్చటైన జానపద సంపద అని మెచ్చుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ. అంతటితో ఆగితే అసలు సంగతి చేజారిపోతుందని నా నమ్మకం. పొలం పేరు మొదట ఒక పనిముట్టు. ఇద్దరు మనుషులు కలిసి పని చేసుకోవడానికి పుట్టింది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆ పేర్లు ఇంతకాలం ఎలా బతికాయో, ఇప్పుడు ఇంత తొందరగా ఎందుకు పోతున్నాయో రెండూ అర్థమవుతాయి. చిక్కంతా ఎక్కడుందంటే, ఒక్కో పేరులో మూడు పోగులు కలిసిపోయి ఉంటాయి: చెవికి వినిపించే మాట, నేలలో నిజంగా ఉన్నది, దాని గురించి జనం చెప్పుకునే కథ. ఈ మూడూ ఏకీభవించాలని లేదు.

పటం ఎక్కడ ఆగింది

ఐర్లండ్ ద్వీపంలో 4 ప్రావిన్సులు, 32 కౌంటీలు. కౌంటీల కింద బ్యారనీలు, పారిష్‌లు, అన్నిటికంటే అడుగున టౌన్‌ల్యాండ్‌లు. పేరు చూసి పట్నం అనుకోకూడదు. కొన్ని పొలాలు, కొన్ని ఇళ్ళు, అంతే. కొన్నింటిలో ఇళ్ళు కూడా ఉండవు. ఇలాంటివి ద్వీపం మొత్తం మీద 60 వేలకు పైనే. ఎకరం నిండనివి ఉన్నాయి, మేయో కౌంటీలోని షెస్కిన్ లాగా ఏడు వేల ఎకరాలు పరుచుకున్నవీ ఉన్నాయి.

ఈ పేర్లన్నీ ఒక పద్ధతిలో కాగితమెక్కింది 1824లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వేతో. థామస్ కోల్బీ అనే సైనికాధికారి ఆధ్వర్యంలో ద్వీపమంతటినీ మైలుకు ఆరంగుళాల లెక్కన గీశారు. 1846 నాటికి పని పూర్తయింది. పేర్ల బాధ్యత కిల్కెన్నీ కౌంటీలో పుట్టిన ఐరిష్ భాషా పండితుడు జాన్ ఓడొనవన్ మీద పడింది. ఆయన ఊళ్ళు తిరిగి, ముసలివాళ్ళ నోట పేరు విని, ఐరిష్‌లో దాని మూలమేమిటో తేల్చి, పటం మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో సూచించేవాడు. దారి పొడుగునా డబ్లిన్ కార్యాలయానికి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ పరిశోధకులకు అక్షయపాత్రే.

అయితే ఆ సర్వే పేర్ల మీద ప్రేమతో జరిగింది కాదు. స్థానిక పన్నుల్ని సమంగా వేయడానికి జరిగింది. పన్ను లెక్కకు టౌన్‌ల్యాండ్ చాలు. అందుకే సేకరణ అక్కడితో ఆగిపోయింది. వెనక వచ్చిన పటాల్లో ఒక్కో గట్టూ సన్నని గీతగా కనిపిస్తుంది, గీతల మధ్య మాత్రం ఖాళీ. 1847 నుంచి 1864 దాకా అచ్చయిన గ్రిఫిత్ మదింపు పుస్తకాల్లో కౌలుదారు పేరు, భూస్వామి పేరు, విస్తీర్ణం, విలువ అన్నీ దొరుకుతాయి. పొలం పేరు దొరకదు.

ఈ సర్వేకు మన నేలతో ఒక సంబంధం ఉంది. ఎండకు కొలత మారకుండా ఇనుప పట్టీని, ఇత్తడి పట్టీని జతచేసి కోల్బీ తయారు చేయించిన కొలత కడ్డీల గురించి తెలుసుకోవడానికి, భారతదేశపు సర్వే నడిపిన జార్జ్ ఎవరెస్ట్ 1829లో ఐర్లండ్ వెళ్ళాడు. అలాంటివే చేయించి భారతదేశానికి తెచ్చాడు. 1841లో నిజాం రాజ్యంలోని బీదర్ దగ్గర సర్వే లెక్కలకు మూలమైన ఆధార రేఖను కొలిచింది ఆ రకం కడ్డీలతోనే. మన చేలకూ అలాగే రెండు గుర్తింపులున్నాయి: ఇంట్లో "చింతమాను చేను", పాసు పుస్తకంలో సర్వే నంబరు. ఐర్లండ్‌లో జరిగిందేమిటో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోవడానికి కారణం ఇదే.

చెవి చేసిన మార్పులు

ఐరిష్ భాషలో పొలాన్ని ఒకే మాటతో పిలిస్తే సరిపోదు. దున్ని పైరు వేసేది గొర్ట్. ఇంటి పక్కన బంగాళాదుంపలు పండించుకునే పెరటి చెక్క గరీ. చెమ్మగా ఉండే గడ్డి నేల క్లూన్. గడ్డి కోసి ఆరబెట్టే చోటు మోనేర్. ఏటి పక్క పల్లపు మాగాణి ఇన్షె. కంచె వేసిన పొలం పార్క్, ఇది మాత్రం నార్మన్ల వెంట బయటి నుంచి వచ్చిన మాట. వీటిలో చాలా మాటలు ఇప్పుడు పెద్ద పెద్ద ఊళ్ళ పేర్లలో దాక్కుని ఉన్నాయి. గాల్వే కౌంటీలోని గొర్ట్ పట్టణం, తేనె పచ్చిక అనే అర్థమున్న క్లాన్‌మెల్, ఎద్దుల పచ్చిక అనే అర్థమున్న డబ్లిన్ శివారు క్లాన్‌టార్ఫ్, ఓవెన్ పెరడు అనే అర్థమున్న లిమరిక్‌లోని గారియోవెన్.

తర్వాత భాష మారింది. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకి మొదలైన మహా కరువులో పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1841లో సుమారు 82 లక్షలున్న జనాభా 1851 నాటికి 65 లక్షలకు దిగింది. చచ్చినవాళ్ళలో, వలసపోయినవాళ్ళలో ఐరిష్ మాట్లాడే పేదలే ఎక్కువ. మిగిలినవాళ్ళ పిల్లలు ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు. కానీ ఆవుల్ని తోలే పొలం అదే, గేటు అదే. కాబట్టి అర్థం తెలియకపోయినా శబ్దం మాత్రం కొనసాగింది. టొబర్ అంటే ఊట బావి. పార్క్ అన్ టొబర్ అంటే బావి పొలం. మనవడి నోటికి అది పార్కటబర్ అయింది. అతని కొడుకు దాన్ని "పార్కటబర్ ఫీల్డ్" అన్నాడు, అంటే "బావి పొలం పొలం" అన్నమాట. అక్కడ ఊట ఉందన్న సంగతి పేరులోనే ఉంది. అయినా ఆ మాట పలికే మనిషికి అది తెలియదు.

ఇక్కడే పెద్ద మోసం జరుగుతుంది. ఐరిష్‌లో కిల్ అంటే చర్చి. దానికి దగ్గరగా పలికే ఇంకో మాటకు అడవి అని అర్థం. ఇంగ్లీషు రాతలో రెండూ తరచుగా ఒకే అక్షరాల్లోకి వచ్చి పడ్డాయి. ఒక పొలం పేరు కిలీన్ అయితే అక్కడ చిన్న చర్చి ఉండేదా, చిన్న తోపు ఉండేదా? వినికిడిని బట్టి చెప్పలేం. వెళ్ళి నేల చూడాలి. బాన్ అనే మాటదీ ఇదే తంతు. దున్నకుండా వదిలిన పచ్చిక బీడు కావచ్చు, పశువుల్ని కాపాడుకోవడానికి కోట పక్కన కట్టిన ప్రహరీ కావచ్చు. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ డబ్లిన్‌లోని ఫీనిక్స్ పార్క్. అక్కడి స్వచ్ఛమైన ఊటను బట్టి ఐరిష్‌లో దాన్ని ఫిన్ ఇష్క అనేవారు. ఇంగ్లీషువాళ్ళ చెవికి అది ఫీనిక్స్‌గా వినబడింది. 1747లో వైస్రాయి లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ ఆ తోటలో స్తంభం ఎత్తించి, పైన బూడిదలోంచి లేచే పక్షి బొమ్మ పెట్టించాడు. తప్పుగా విన్న మాటకు రాతి సాక్ష్యం పుట్టింది.

అంకెల పేర్లు ఇంకో రకంగా తికమక పెడతాయి. పదెకరాల పొలం అని పిలిచేదాన్ని ఇప్పుడు కొలిస్తే పదహారెకరాలు వస్తుంది. చూసినవాళ్ళు పాతకాలం వాళ్ళకు కొలత రాదనుకుంటారు. వాళ్ళ లెక్క తప్పు కాదు. ఒకప్పుడు అక్కడ వాడిన ఐరిష్ ఎకరం ఇప్పటి ఎకరానికి 1.62 రెట్లు. అంటే ఆ పొలానికి పేరు పెట్టింది పాత కొలత నడిచిన రోజుల్లో. రాతమూలకంగా ఏ తేదీ లేని చోట, పేరు తన వయసు తానే చెబుతోంది.

నేలలో ఉన్నది

కొన్ని పేర్లకు పెద్దగా వెతకనక్కర్లేదు. కొలిమి పొలం అంటే రోడ్డు వార కమ్మరి కొలిమి ఉండేది. బందెలదొడ్డి పొలం అంటే అద్దె కట్టని కౌలుదారు ఆవుల్నో, దారి తప్పిన పశువుల్నో తెచ్చి కట్టేసిన చోటు. సున్నపు బట్టీ పొలంలో సున్నపురాయి కాల్చి, ఆ పొడి పులుపెక్కిన నేలకు చల్లేవారు. ఉత్తరాన అల్‌స్టర్‌లో అవిసె గుంట పొలాలుంటాయి. నార కోసం అవిసె కట్టల్ని నానబెట్టిన గుంట అది. ఆ కుళ్ళు కంపు ఊరంతా గుర్తు పెట్టుకునేది. పూజ బండ పొలం అంటే కాథలిక్కుల మీద చట్టాలు కఠినంగా ఉన్న 17, 18 శతాబ్దాల్లో మతగురువు ఆరుబయట ఒక బండను బల్లగా చేసుకుని పూజ జరిపిన చోటు.

కోట పొలాల దగ్గర కాసేపు ఆగాలి. లిస్, రాత్ అనే మాటలు ఏ పేరులో ఉన్నా అక్కడ గుండ్రటి మట్టి కట్ట ఉండేదని గుర్తు. కోట అన్నారని బురుజులు ఊహించుకోవద్దు. సుమారు క్రీ.శ. 500 నుంచి 1000 దాకా బతికిన రైతు కుటుంబాల ఇళ్ళ స్థలాలివి. ఇంటి చుట్టూ గుండ్రంగా కందకం తవ్వి, ఆ మట్టినే కట్టగా పోసి, రాత్రిళ్ళు పశువుల్ని లోపలికి తోలుకునేవారు. ద్వీపంలో ఇప్పటికి 40 వేలకు పైగా గుర్తించారు. ఊళ్ళో అడిగితే వీటిని డేన్లు కట్టారంటారు, అంటే సముద్రం దాటి వచ్చిన దండయాత్రికులు. అది నిజం కాదు, కట్టింది ఆ రైతుల పూర్వీకులే. ఇంకా అడిగితే అందులో "మంచివాళ్ళు" ఉంటారంటారు. అదృశ్యంగా తిరిగే ఆ జాతిని పేరు పెట్టి పిలవరు, కోపమొస్తుందని ఈ గౌరవ వాచకం. ఆ కట్ట మీద పెరిగిన తెల్లపూల ముళ్ళచెట్టును గొడ్డలితో ముట్టుకుంటే ఇంట్లో ఎవరో మంచాన పడతారనో, గొడ్లు చస్తాయనో భయం. పురావస్తు శాఖ అనేది పుట్టకముందు వందల ఏళ్ళు ఈ కట్టల్ని కాపాడింది ఆ భయమే. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఏ చట్టమూ అన్ని వేల పొలాల్లో అంత చవగ్గా కాపలా కాయలేదు.

ఆ భయం మొన్నటిదాకా రోడ్ల పనుల్ని కూడా ఆపింది. 1999లో క్లేర్ కౌంటీ లాటూన్ దగ్గర కొత్త రహదారికి ఒక ముళ్ళచెట్టు అడ్డొచ్చింది. కథకుడు ఎడ్డీ లెనిహన్ అది మంచివాళ్ళు యుద్ధానికి ముందు కలుసుకునే చెట్టని, కొట్టేస్తే ఆ దారిన ప్రమాదాలు తప్పవని పత్రికకు రాశాడు. చెట్టును వదిలి, చుట్టూ కంచె వేసి రోడ్డు వేశారు. 2002లో ఎవరో దాని కొమ్మలు నరికేస్తే మళ్ళీ చిగురించింది.

ఇంకో రకం పొలాలున్నాయి. వాటి గురించి ఊరివాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. బాప్టిజం ఇవ్వకముందే చనిపోయిన పసిబిడ్డకు చర్చి శ్మశానంలో చోటు లేదన్నది నాటి మత నియమం. బిడ్డను కన్న ఇల్లు ఏం చేస్తుంది? తండ్రో, మేనమామో చీకటి పడ్డాక చిన్న పెట్టె చంకన పెట్టుకుని, పాడుబడ్డ పాత చర్చి దగ్గరికో, రెండు పొలాల సరిహద్దుకో, మంచివాళ్ళ కోటలోకో వెళ్ళి పూడ్చి వచ్చేవాడు. తల మీద గుర్తుగా పొలంలోని రాయి. దాని మీద పేరు లేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఇది సాగింది. అలాంటి చోట్లను కిలీన్, లిషీన్, కాల్‌డ్రా అని ప్రాంతాన్ని బట్టి పిలిచారు. కిలీన్ అనే పేరు విని అడవా చర్చా అని వాదించేవాళ్ళకు మూడో జవాబు ఇదే. కోటను ముట్టుకోకూడదన్న నమ్మకం ఇక్కడ మరో పని కూడా చేసింది: ఏ నాగలీ ఆ పసివాళ్ళ మీదుగా పోలేదు. అక్కడ దెయ్యాలు తిరుగుతాయని పిల్లల్ని భయపెట్టిన ముసలమ్మలకు అక్కడ ఎవరున్నారో బాగానే తెలిసి ఉంటుందని నాకనిపిస్తుంది.

కథ చెప్పేది

కొన్ని పొలాలకు పేరు వచ్చింది వస్తువు వల్ల కాదు, అక్కడ మనిషికి జరిగేదాని వల్ల. ఫోడ్ షెక్రాన్, అంటే దారి తప్పించే మట్టిగడ్డ. చీకట్లో దాని మీద కాలు పడితే, పుట్టినప్పటి నుంచి తెలిసిన పొలంలోనే గేటు కనబడదు. గట్టు వెంట తిరిగిందే తిరుగుతూ తెల్లవారుతుంది. విరుగుడు కూడా చెబుతారు: కోటు విప్పి తిరగేసి తొడుక్కోవాలి. తడి నేల మీద పొగమంచు దిగితే అయిదెకరాల పొలంలో దిక్కు తెలియకపోవడం నిజంగానే జరుగుతుంది. కోటు విప్పి, తిప్పి, మళ్ళీ వేసుకునే సేపట్లో మనిషి కంగారు తగ్గుతుంది. అందులో మంత్రముందో లేదో గానీ, పని మాత్రం చేస్తుంది.

ఫేర్ గొర్తఖ్ అంతకంటే బరువైనది. ఆకలి గడ్డి. దాని మీద నడిచినవాడికి ఒక్కసారిగా భరించలేని ఆకలి పుట్టి, ఒళ్ళు తూలి, నోట్లో ఏదీ పడకపోతే అక్కడే కూలిపోతాడట. అందుకే దూరం వెళ్ళేవాళ్ళు జేబులో రొట్టె ముక్క పెట్టుకునేవారు. కరువులో ఎవరో ఆకలితో పడి చచ్చిన చోట ఆ గడ్డి మొలిచిందంటారు. ఇక్కడ ఎంతమంది చనిపోయారు, వాళ్ళెవరు అని ఆ కథ చెప్పదు. రిజిస్టరులో ఎక్కని చావులవి. కథను చరిత్రకు సాక్ష్యంగా తీసుకుంటే తప్పటడుగు వేస్తాం. జనం దేన్ని మరిచిపోలేకపోయారో చెప్పే సాక్ష్యంగా తీసుకుంటే అంతకు మించిన పత్రం దొరకదు.

మనుషుల పేర్లు మోసే పొలాలూ ఇలాంటివే. ఇవాళ ఒకరి భూమి మధ్యలో ఉన్న చెక్కను ఇంకెవరో మరియ పెరడు అంటారు. ఆ మరియ కుటుంబం కరువులో పోయిందో, అద్దె కట్టలేక గెంటించుకుందో, అమెరికా చేరిందో. ఇల్లు కూలింది, రాళ్ళు గట్టులోకి పోయాయి, పేరు మాత్రం పొలానికి అంటుకుంది. షాన్‌బాలీ, అంటే పాత ఊరు, అని పేరున్న పచ్చిక మీద సాయంత్రపు ఏటవాలు ఎండ పడితే, అప్పటి బంగాళాదుంప బోదెలు వరుసగా తేలి కనిపించే చోట్లున్నాయి. భూస్వామి వైపు కథకూ పేర్లున్నాయి. జింకల తోట, లాన్ లాంటివి పెద్ద బంగళా ముందరి భూములు. 1881లో ఏర్పడిన ల్యాండ్ కమిషన్ తర్వాతి దశాబ్దాల్లో ఆ ఎస్టేట్లను విడగొట్టి రైతుల పరం చేసింది. బంగళా పోయినా, ఆ పొలాల్లో గొర్రెలు మేస్తున్నా, పేర్లు అవే.

పేరు ఎలా పోతుంది

భాష పోయినా పోని పేర్లు ఇప్పుడెందుకు పోతున్నాయి? కరువును తట్టుకున్నవి ట్రాక్టరును తట్టుకోలేకపోవడానికి కారణం మరుపు కాదని నా వాదన. ఆ పేరు పలికి ఎవరికైనా చెప్పాల్సిన అవసరమే లేకుండా పోయింది. గడ్డి కోతకు పదిమంది కలిసి దిగిన రోజుల్లో, కోసినవాళ్ళకు అన్నం పట్టుకెళ్ళే పిల్లకు ఎక్కడికి వెళ్ళాలో తెలియాలి. కుర్రాడిని ఆవుల కోసం పంపాలంటే పేరు చెప్పాలి. ఇప్పుడు ఒక్క మనిషి, ఒక్క యంత్రం. తనకు తాను పొలం పేరు చెప్పుకునేవాడు ఎవరుంటారు?

1973లో ఐర్లండ్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరాక పొలాలు పెద్దవి చేసుకోవడానికి ఊతం దొరికింది. కంచెలు పీకి మూడు చెక్కల్ని ఒకటిగా కలిపితే మూడు పేర్లలో రెండు అక్కడే ఆగిపోతాయి. యూరప్ సబ్సిడీ కోసం నింపే దరఖాస్తులో ప్రతి చెక్కకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏటా రైతు కంటి ముందుకొచ్చేది ఆ సంఖ్యే. ఉత్తర ఐర్లండ్‌లో 1970లలో తపాలా వాళ్ళు పల్లె దారులకు పేర్లు, ఇళ్ళకు నంబర్లు తెచ్చినప్పుడు టౌన్‌ల్యాండ్ పేర్లకే ముప్పొచ్చింది, వాటిని నిలుపుకోవడానికి జనం పోరాడాల్సి వచ్చింది. పొలం పేరు ఎప్పుడూ చిరునామాలో లేదు గనుక దాని కోసం పోరాడే సందర్భం కూడా రాలేదు.

సేకరణ మాత్రం జరిగింది, జరుగుతోంది. 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద కమిషన్ 1937 నుంచి 1939 దాకా, ఉత్తర ఐర్లండ్ పోను మిగిలిన 26 కౌంటీల్లోని సుమారు 5,000 బడుల పిల్లల చేత ఇంటి పెద్దల్ని అడిగించి రాయించింది. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు తాతల నోట విన్న కోటల కథలు, బావుల మహిమలు, పొలాల పేర్లు నోటు పుస్తకాల్లోకి ఎక్కించారు. మొత్తం సుమారు 7,40,000 పుటలు. ఇప్పుడవి ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పెరిగి 1972లో అరాన్ దీవులకు వచ్చి స్థిరపడిన టిమ్ రాబిన్సన్, ఆ రాతిగోడల మధ్య అడుగడుగూ నడిచి, పాత సర్వే పాడుచేసిన ఐరిష్ పేర్లను సరిచేస్తూ అరాన్, బరెన్, కానమారా పటాలు గీశాడు. ఇటీవల మీత్, లౌత్, కిల్కెన్నీ కౌంటీల్లో స్థానికులే ఈ పనికి పూనుకున్నారు. అధికారిక స్థలనామాల వెబ్‌సైటు లాగిన్‌మ్ కూడా జనం తమ చిన్న చిన్న పేర్లను చేర్చడానికి విడిగా ఒక వేదిక పెట్టింది.

పని తీరు పెద్ద కష్టమైనది కాదు. పెద్ద స్కేలు పటం పరిచి, పొలానికో అంకె వేసి, రైతును ఒక్కొక్కటీ అడగాలి. ఆ అడగడంలో ఒక క్రమం ఉండాలని నేను గట్టిగా అంటాను. మొదట ఆయన పలికింది పలికినట్టు రికార్డు చేయాలి, ఎందుకంటే కిల్‌లో ఉన్నది చర్చో అడవో అక్షరాల కంటే ఆ పలుకే బాగా చెప్పగలదు. తర్వాత ఆ పొలంలో ఏమున్నాయో రాయాలి: ఊట, గుంట, రాళ్ళ కుప్ప, ఒంటరి చెట్టు, వానకు ఎక్కడ నీరు నిలుస్తుంది, ఎక్కడ ముందు పచ్చబడుతుంది. ఆ తర్వాత ఆ పేరు ఆయన ఎవరి దగ్గర విన్నాడు, ఆ కథ ఎవరు చెప్పారు. పేరుకు అర్థమేమిటన్న ప్రశ్న అన్నిటికంటే చివర రావాలి. ముందే అడిగితే ఆయన మర్యాదకైనా ఏదో ఒక అర్థం చెబుతాడు. అది పుస్తకంలోకి ఎక్కుతుంది, ఇక ఆ పేరు అసలు మూలం వెతికేవాళ్ళకు ఆ ఊహే అడ్డు నిలబడుతుంది.